చల్లారని చక్రాలు

ఇది రాత్రి జరిగింది కాదు. మధ్యాహ్నం మూడింటికి, పట్టపగలు జరిగింది. రాత్రయితే నిద్రమత్తులో ఏదో చూశానని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆ వీలు కూడా లేకుండా పోయింది.

ఆ రోజు మా లారీలో నేలకు పరిచే టైల్స్ పెట్టెలు. పది చక్రాల బండి, నిండా లోడు. బండిలో నేనూ, నా బావమరిదీ. నా భార్యకు వాడొక్కడే తమ్ముడు. ముప్పై నాలుగేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. పదేళ్ళు మైదాన ప్రాంతంలో బస్సు నడిపి, ఆ కంపెనీ మూతపడ్డాక నా పక్కన చేరాడు. బస్సు నడిపే రోజుల్లో ప్రతి స్టాపుకీ రెండు నిమిషాలు ముందే వచ్చి, పరుగెత్తుకొచ్చే జనాన్ని వదిలేసి పోయేవాడట. అందుకని అందరూ వాణ్ణి ఎక్స్‌ప్రెస్ అంటారు. వాడి పెళ్ళాం కూడా అదే పేరుతో పిలుస్తుంది.

కొండ పైన చిన్న టీ కొట్టు దగ్గర ఆపాం. బెంచీ మీద కూర్చుని టీ ఊదుకుంటుంటే మా ఆవిడ ఫోను.

"తమ్ముడేం చేస్తున్నాడు?"

"రెండో టీ తాగుతున్నాడు."

"దిగుడులో వాడి చేతికి స్టీరింగ్ ఇవ్వకండి. వాడి తొందర మీకు తెలుసుగా."

"ఇస్తానా? నేనేమన్నా పసివాణ్ణా?"

అలా అని ఫోను పెట్టేసి, ఇచ్చాను.

ముందు రాత్రంతా నేనే నడిపాను మరి. కళ్ళలో ఇసుక పోసినట్టుంది. పైగా ఎప్పటికైనా వాడు నేర్చుకోవాలి కదా అనుకున్నాను. తాళం చేతిలో పెట్టే ముందు మాత్రం చెప్పాల్సింది చెప్పాను.

"ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతావో, దిగేటప్పుడు ఆ గేరులోనే దిగాలి. బండిని పట్టి ఉంచాల్సింది ఇంజను. బ్రేకు అప్పుడప్పుడూ తొక్కి వదిలెయ్. దాని మీదే కాలు పెట్టుకుని కూర్చున్నావో, పొయ్యి మీద పెనం పెట్టి మరిచిపోయినట్టే."

"ఏంటి బావా, మళ్ళీ లైసెన్సు పరీక్షా?" అని నవ్వాడు.

మొదటి మూడు మలుపులూ బుద్ధిగానే తిప్పాడు. రెండో గేరు, ఇంజను ఒకటే మూలుగు. ఎడమవైపు కొండ, కుడివైపు లోయ. లోయ నిండా మంచు, పాలు పొంగి అంచుదాకా వచ్చి ఆగినట్టుంది. ఆ మూలుగు వింటూ వింటూ ఎప్పుడు కళ్ళు మూశానో నాకే తెలియదు.

వాసన లేపింది.

పాత గుడ్డ కాలుతున్నట్టు, దాని వెనకే రబ్బరు, ఇంకా వెనక తుప్పు. ముక్కులోకి వచ్చి గొంతులో కూర్చునే వాసన. లారీ నడిపేవాడికి ఆ వాసన తెలిస్తే మిగతావన్నీ అక్కర్లేదు. కళ్ళు తెరిచేసరికి అద్దం నిండా తెలుపు. మంచు రోడ్డు మీదికి వచ్చేసింది. ఇంజను మూలుగు లేదు. బండి హాయిగా, తేలిగ్గా జారుతోంది.

"ఎన్నో గేరులో ఉన్నావురా?"

"నాలుగు..." వాడి మొహంలో నెత్తురు లేదు. "బావా, బ్రేకు పట్టట్లేదు. తొక్కితే అడుగుదాకా పోతోంది. బండి ఆగట్లేదు."

బ్రేకులకు పోయే గాలి మీటరు చూశాను. నిండుగానే ఉంది. అంటే గాలి పోలేదు. బ్రేకులే ఉడికిపోయాయి.

"కాలు తియ్. బ్రేకు మరిచిపో. క్లచ్ తొక్కు, న్యూట్రల్‌కి లాగు. వదులు. ఇప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా ఒక్కసారి! క్లచ్! మూడు వెయ్!"

న్యూట్రల్‌లో ఉన్న ఆ రెండు క్షణాలు బండి మాది కాదు. కొండది. గేరు పళ్ళు కిర్రుమన్నాయి. పడలేదు. మళ్ళీ. నా చెయ్యి వాడి చెయ్యి మీద వేసి నొక్కాను. పడింది. ఇంజను గావుకేక పెట్టి బండిని వెనక్కి లాగింది. వెనక టైల్స్ పెట్టెలు కదిలిన చప్పుడు నా వెన్నులో వినిపించింది.

మలుపు తిరిగేసరికి ఎడమవైపు, కొండను ఆనుకుని వెడల్పుగా కాస్త చోటు. రోడ్డు పనివాళ్ళు పోసిన కంకర కుప్ప ఉంది.

"కుప్పలోకి పోనీ! నేరుగా!"

పోనిచ్చాడు. కంకర బానెట్ దాకా ఎగిసింది. బండి రెండుసార్లు ఊగి, ఆగింది.

చెయ్యి చాచి ఇంజను ఆపేశాను. వాడు స్టీరింగ్ మీద తల పెట్టి, "అక్కకి చెప్పకు బావా," అన్నాడు.

"చెప్తే ముందు చంపేది నన్నురా. నీ వంతు తర్వాత. దిగు."

గేరులోనే వదిలి, మంటలార్పే సిలిండర్ తీసుకుని దిగాను. వెనక చక్రాల నుంచి పొగ, మంచులో కలిసిపోతోంది. మంట లేదు. చెక్క దిమ్మలు తీసి చక్రాల కింద తన్నాను. ఈలోగా ఎక్స్‌ప్రెస్ ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా భుజాన వేసుకుని వచ్చాడు.

"ఆగు! చుక్క పడకూడదు. చక్రాల లోపలి బ్రేకు డ్రమ్ములు కాలి ఉన్నాయి, నీళ్ళు పడితే ఆ ఇనుము పగులుతుంది. హ్యాండ్ బ్రేకు కూడా వెయ్యకు, అతుక్కుపోతుంది. ఏమీ చెయ్యకుండా కూర్చోవడమే దీనికి మందు."

"ఎంతసేపు?"

"గంట. టైరు పేలినా పేలుతుంది, దూరంగా రా."

బండికి పది అడుగుల ముందు, కొండవైపు కట్టిన రాతి గోడ మీద కూర్చున్నాం. మంచు ఇంకా దిగింది. మా బండి వెనక భాగం మాకే కనిపించడం మానేసింది. తడి ఆకుల వాసన, దాని మీద మా బ్రేకుల వాసన. పక్షి లేదు, గాలి లేదు. మా చక్రాలు మాత్రం మాట్లాడుతున్నాయి. ఇనుము చల్లారేటప్పుడు చేసే చప్పుడు. పొయ్యి మీంచి దించిన మూకుడు కూడా అలాగే చేస్తుంది. మొదట గబగబా, తర్వాత తాపీగా. టిక్ టిక్ టిక్... టిక్... టిక్...

ఇరవై నిమిషాలకు మా చప్పుడు నెమ్మదించింది. అప్పుడు తెలిసింది, ఇంకో చప్పుడు ఉందని.

మా బండి వెనక నుంచి. మంచులోంచి. టిక్ టిక్ టిక్ టిక్ టిక్. ఒకటే వేగం. తగ్గడం లేదు.

"ఇంకో లారీ ఆగినట్టుంది," అన్నాడు ఎక్స్‌ప్రెస్.

"ఎప్పుడొచ్చింది?"

వాడు నా వంక చూశాడు. నేను వాడి వంక చూశాను. ఇంజను చప్పుడు వినలేదు. హారన్ వినలేదు. కంకర మీద టైరు నలిగిన చప్పుడు కూడా వినలేదు. అంత నిశ్శబ్దంలో, యాభై అడుగుల దూరంలో, లోడు లారీ వచ్చి ఆగితే ఇద్దరికీ వినపడకపోవడమా?

"మనకంటే ముందే ఆగి ఉందేమో," అన్నాను.

నిజమే కావచ్చు. కానీ మేం కుప్పలోకి దూరినప్పుడు మా వెనక ఖాళీ రోడ్డే ఉంది. నేను దిమ్మలు వేసేటప్పుడు చూశాను.

"అన్నా..."

మంచులోంచి గొంతు. మగ గొంతు. ఎంత అలిసిపోయిన గొంతంటే, మాట చివర్లు మింగేస్తోంది.

"అన్నా, నీళ్ళున్నాయా?"

"తాగడానికా?" నేనే అడిగాను.

"నాక్కాదు. బండికి."

ప్రాణం కాస్త కుదుటపడింది. మనలాంటివాడే, మనలాగే బ్రేకులు కాల్చుకున్నాడు. "పొయ్యకు తమ్ముడూ, డ్రమ్ములు పగులుతాయి. ఓపిక పట్టు. గంటలో చల్లారుతుంది."

టిక్ టిక్ టిక్ టిక్.

తర్వాత, అదే గొంతు. ఈసారి ఇంకా కిందనుంచి. బండి కింద పడుకున్న మనిషి మాట్లాడితే ఎలా ఉంటుందో, అలా.

"గంట అయిపోయిందన్నా."

"ఇంకో గంట ఆగు."

"అదీ అయిపోయింది. ఎన్ని గంటలో లెక్క తప్పింది. చల్లారట్లేదు."

ఎక్స్‌ప్రెస్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. వాడి వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"పాపం బావా," అన్నాడు గుసగుసగా. "ఎవడో బాగా బెదిరిపోయాడు."

మా వాడి తొందర గురించే చెప్పాను గానీ, జాలి గురించి చెప్పలేదు. ఎవరైనా ఏడిస్తే ముందు వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. "కూర్చో," అన్నాను. "మన బండి చల్లారగానే పోదాం. అటు వెళ్ళకు."

మా చక్రాలు ఎంతవరకు వచ్చాయో చూద్దామని లేచాను. ముందు చక్రం దగ్గర వంగి, అరచెయ్యి తగలకుండా దగ్గరగా పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. మధ్య చక్రం. అదీ అంతే. ఇరవై ఐదు నిమిషాలకు అంత చల్లారవు. సంతోషించాలా వద్దా తెలియలేదు. వెనక ఎడమ చక్రం దగ్గరికి వెళ్ళాను. చెయ్యి పెట్టాను. ధైర్యం చేసి తాకాను.

ఐసుగడ్డలా ఉంది.

గోడ దగ్గరికి తిరిగొచ్చాను. రాతి గోడ మీద ఎవరూ లేరు. నీళ్ళ డబ్బా లేదు.

"ఎక్స్‌ప్రెస్!"

మంచులోకి చూస్తూ మళ్ళీ పిలిచాను.

"ఒరేయ్! బామ్మర్దీ!"

ఒక చెయ్యి మా బండి బాడీ మీద ఆన్చి వెనక్కి నడిచాను. బాడీ అయిపోయింది. చేతికి ఇంకేమీ లేదు. ఒక అడుగు. రెండడుగులు. మొహానికి వేడి కొట్టింది, కొలిమి తలుపు తీసినట్టు. అంత వేడికి మంచు విచ్చుకోవాలి. విచ్చుకోలేదు. ఇంకా చిక్కబడింది.

అప్పుడు కనిపించాయి.

నేలకు మోకాలెత్తులో, ఎర్రటి గుండ్రాలు. ఆరబోయే బొగ్గు రంగు. ముందు ఒకటి. వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి. లారీ చక్రాలు ఎంతెంత దూరంలో ఉండాలో అంతంత దూరంలో. పైన మాత్రం... బాడీ లేదు. క్యాబిన్ లేదు. టైర్లు కూడా లేవు. మంచూ, ఆ గుండ్రాలూ, ఆ టిక్ టిక్ టిక్.

చివరి గుండ్రం ముందు మా వాడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. డబ్బా మూత తీసి ఉంది.

"పొయ్యకురా!"

తల తిప్పలేదు. "చల్లారట్లేదంట బావా," అన్నాడు. నిద్రలో మాట్లాడినట్టు ఉంది. "అందరూ ఆగుతారంట. అందరివీ చల్లారతాయంట. అందరూ వెళ్ళిపోతారంట."

ఆ గుండ్రం వెనక నుంచి, నేలకు ఆనుకుని, ఆ గొంతు:

"మీది చల్లారిందిగా అన్నా. మార్చుకుందామా?"

"ఏది? ఏది మార్చుకోవాలి?" అని నేను అడిగేలోపే, నా బావమరిది, "సరే," అన్నాడు.

అంతే. డబ్బా వాడి చేతిలోంచి ఒరిగింది. నీళ్ళు తగిలాయి. చుయ్‌మని ఆవిరి లేచింది. ఆ వెంటనే ఫట్... తుపాకి పేలినట్టు. నేను వాడి కాలరు పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం కంకరలో పడ్డాం.

గుండ్రాలు కదిలాయి.

మెల్లగా. ఇంజను చప్పుడు లేదు. కంకర మాత్రం నలిగింది, పది టన్నుల బరువు కింద నలిగినట్టు. మా పక్కనుంచి పోయింది. ఆ వేడికి నా కనుబొమ్మలు కమిలిన వాసన నాకే వచ్చింది. రోడ్డు దాటింది. లోయ అంచు దగ్గర రాతి గోడ లేని చోటు ఉంది. ఎర్రటి గుండ్రాలు ఒక్కొక్కటే... అక్కడికి చేరి... ఆరిపోయాయి.

చెవులు రిక్కించి పడుకున్నాం. కింద రాళ్ళకు తగలాలి. ఇనుము విరగాలి. చెట్లు విరగాలి.

ఏ చప్పుడూ రాలేదు. ఎంతసేపు విన్నా రాలేదు.

ఆ తర్వాత నేను చేసినవన్నీ చేతులే చేశాయి, బుర్ర కాదు. దిమ్మలు తీసి లోపల పడేశాను. వాణ్ణి పక్క సీట్లోకి తోశాను. కంకరలోంచి వెనక్కి తీసి, మొదటి గేరు వేసి, మిగిలిన మలుపులన్నీ ఎడ్లబండి వేగంతో దిగాను. వెనక నుంచి హారన్లు కొట్టినవాళ్ళందరికీ దారిచ్చాను. వాడు అరచేతులు రెండూ తొడల మధ్య దాచుకుని, చలిజ్వరం వచ్చినవాడిలా కూర్చున్నాడు.

కొండ కింద మొదట కనిపించిన మెకానిక్ షెడ్డులోకి బండి తిప్పాను. అక్కడి మేస్త్రి ముసలాయన. మాట కటువు, చెయ్యి నేర్పరి. బ్రేకులు కాలాయని చెప్పగానే జాకీ పెట్టాడు. ముందువి విప్పి, "వేడికి నీలం తిరిగాయి, అయినా పనికొస్తాయి," అన్నాడు. మధ్యవీ అంతే. వెనక ఎడమ చక్రం విప్పి, డ్రమ్ము మీద చెయ్యి వేసి, అరిచి వెనక్కి దూకాడు.

"ఎప్పుడాపారు బండి?"

"ఇప్పుడే. కానీ పైన అరగంటసేపు ఆపాం. అది ఐసుగడ్డలా ఉంది, నేనే తాకాను."

"ఐసుగడ్డా? చర్మం ఊడొచ్చింది!" గోనె పట్టా చుట్టి, కడ్డీతో దాన్ని కిందికి లాగాడు. లైటు దగ్గరగా తెచ్చి చూశాడు. ఒకసారి చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అంచు మీద నిలువునా కొత్త పగులు ఉంది. అయితే ఆయన చూస్తున్నది పగులును కాదు.

"ఇది మీ బండిది కాదు," అన్నాడు.

"అదేంటి?"

"ఇది పాత మోడల్. నేను పని నేర్చుకునే రోజుల్లో వచ్చేవి. మీ బండికి బోల్టు రంధ్రాలే సరిపోవు. దీన్ని ఎవడు ఎక్కించాడు, ఎలా ఎక్కించాడు?"

నా వెనక నిలబడ్డ బావమరిది చెప్పాడు, కొండ దిగాక మొదటిసారి నోరు విప్పి.

"నేను సరేనన్నాను బావా. దేనికో నాకు తెలియదు. వాడు ఏడుస్తుంటే... సరేనన్నాను."

మేస్త్రి ఇద్దరి మొహాలూ చూశాడు. వేరే డ్రమ్ము తెప్పించి బిగించాడు. పాతదాన్ని షెడ్డు వెనక వదిలెయ్యమన్నాను. రాత్రికి టైల్స్ దింపేసి ఇంటికి బయల్దేరాం.

మా ఆవిడకు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తమ్ముడి తల నిమురుతూ చాలాసేపు కూర్చుని, చివరికి, "మీరు నిద్రపోయారు," అని ఒక్క మాట అంది. ఆ మాటే నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. ఎక్స్‌ప్రెస్ బండ్లు మానేశాడు. ఒక గోదాములో సరుకు ఎక్కించే చోట కూర్చుంటున్నాడు. ఇప్పుడు వాడికి తొందర లేదు. ఎవరైనా సాయం అడిగితే మాత్రం, జవాబు చెప్పకుండా, అరచేతులు చంకల్లో దాచుకుని, లేచి పక్కకి వెళ్ళిపోతాడు.

ఇదంతా జరిగి పదిహేను రోజులు కాలేదు. నిన్న పొద్దున్నే మేస్త్రి ఫోను చేశాడు. ఆయన గొంతులో ఆ కటువు లేదు.

"నీ డ్రమ్ము వచ్చి తీసుకుపో."

"నాది కాదుగా అది. పాతసామాను వాడికి వేసెయ్యి."

"వాడు ముట్టుకోడు. ఇంకా కాలుతోందది. పంక్చర్లు చూసే తొట్టిలో పడేశాను. మూడుసార్లు నింపాను తొట్టి, మూడుసార్లూ నీళ్ళు ఆవిరైపోయాయి." ఆయన ఊపిరి వినిపిస్తోంది. "నిన్న మసి గీకి చూశాను. లోపలి వైపు చెయ్యి అచ్చు ఉంది. ఐదు వేళ్ళూ, అరచెయ్యీ. తడి సిమెంటులో నొక్కినట్టు, ఇనుములో."

"ఎప్పటిదో అయ్యుంటుంది..."

"నేనూ అదే అనుకున్నా." ఆయన గొంతు తగ్గించాడు, పక్కన ఎవరో వింటున్నట్టు. "నిన్న ఒకటే ఉంది. పొద్దున చూస్తే రెండున్నాయి."